ఫోస్టర్ కేర్‌లో పిల్లలు ఎన్నాళ్లు ఉంటున్నారు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో అమెరికా ఫోస్టర్ కేర్ గురించి రాశాను. హింస, నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వం కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసుకొచ్చిన పిల్లలు ఫోస్టర్ కుటుంబాల్లో, అంటే వాళ్లని తాత్కాలికంగా చూసుకునే ఇళ్లలో, ఎంతకాలం ఉంటున్నారన్నది అందులో ఒక్క పేరాయే. వచ్చిన ఉత్తరాలు మాత్రం దాదాపు అన్నీ ఆ పేరా మీదే. ఒక రాష్ట్ర శిశు సంక్షేమ శాఖలో ఈ లెక్కలు కట్టే విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు వేయడం లేదు. పిల్లల సంగతులు కదా.

ప్రశ్న: నమస్కారం మేడం. నేను కాసా వాలంటీర్‌ని. కోర్టు అప్పగించిన పిల్లల్ని కలిసి, వాళ్ల బాగోగులు చూసి జడ్జిగారికి రిపోర్టు ఇస్తుంటాను. పిల్లలు ఫోస్టర్ కేర్‌లో సగటున 9 నెలలు ఉంటున్నారని మా కౌంటీ (జిల్లా లాంటిది) నివేదికలో రాశారు. నేను చూస్తున్న పిల్లల్లో ఫోస్టర్ కేర్‌కి వచ్చి రెండేళ్లు నిండనివాళ్లు ఒక్కరే ఉన్నారు. తోటి వాలంటీర్లనడిగితే వాళ్లూ ఇదే చెబుతున్నారు. కౌంటీవాళ్లు తప్పుడు లెక్క రాస్తున్నారా?

జవాబు: తప్పుడు లెక్క కాదమ్మా. వాళ్లు రాసిందీ నిజమే, మీరు చూస్తున్నదీ నిజమే. వాళ్లు లెక్కలోకి తీసుకున్న పిల్లలు వేరు, మీకు ఎదురవుతున్న పిల్లలు వేరు.

ఒక ఫోస్టర్ ఇల్లు అనుకోండి. పిల్లల గదిలో రెండు మంచాలు. ఒక మంచం మీద జనవరి ఒకటి నుంచి డిసెంబరు ఆఖరుదాకా ఒకే పాప ఉంది. రెండో మంచం మీదకి నెలకొక బిడ్డ వచ్చి, నెల తిరగ్గానే వెళ్లిపోయింది. ఏడాదిలో ఆ ఇంటికి వచ్చిన పిల్లలు 13 మంది. అందరూ ఉన్న నెలలు కలిపితే 24. 13తో భాగిస్తే సగటు రెండు నెలల్లోపే. పిల్లల్ని ఉన్న కాలం ప్రకారం వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న బిడ్డని అడిగితే, అంటే మధ్యగతం చూస్తే, ఒక్క నెల. ఇప్పుడు మీరు ఏడాదిలో ఏ రోజు వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టినా కనిపించేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఏడాది పొడుగునా ఉండే పాప. వచ్చిన 13 మందిలో ఒక్కతే అయిన పాప, మీరు వెళ్లిన రోజున ఉన్నవాళ్లలో సగం.

ఎక్కువకాలం ఉండేవాళ్లు ఎక్కువ రోజులు కంటబడతారు. మీ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. వారంలో ఇంటికి వెళ్లిపోయే బిడ్డకి వాలంటీర్‌ని వేసే వ్యవధే కోర్టుకి ఉండదు. చిక్కుముడులున్న కేసులు, ఏళ్లతరబడి సాగేవి మీ చేతికొస్తాయి. 1977లో సియాటెల్‌లో జడ్జి డేవిడ్ సూకప్ ఈ కాసా పద్ధతి మొదలుపెట్టిందే, కోర్టులో ఆ బిడ్డ ఒక్కడి గురించే మాట్లాడే మనిషి ఉండాలని.

కౌంటీ 9 నెలలు ఎలా తెచ్చిందో ఇప్పుడు చూడాలి. నేను చూసిన నివేదికల్లో చాలావాటికి ఆధారం ఆ ఏడాది ఫోస్టర్ కేర్ నుంచి వెళ్లిపోయిన పిల్లలు. రావడం, పోవడం రెండు తేదీలూ చేతిలో ఉంటాయి కాబట్టి అది సులువైన లెక్క. నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఉన్నదీ దానిమీదే. అందులో ఇంకా వెళ్లని పిల్లలు లేనే లేరు. అయిదేళ్లుగా ఎదురుచూస్తున్న పిల్లవాడు ఆ సగటులో ఒక్క రోజుగా కూడా లేడు.

దానివల్ల ఏమవుతుందో చూడండి. 1997 నవంబరులో అమెరికాలో దత్తత, సురక్షిత కుటుంబాల చట్టం వచ్చింది. 1997లో ఫోస్టర్ కేర్ నుంచి దత్తత వెళ్లినవాళ్లు దాదాపు 31 వేలుంటే, 2000 నాటికి దాదాపు 51 వేలయ్యారు. దత్తత వెళ్లేది చాలావరకు ఎక్కువకాలంగా ఉన్న పిల్లలే. ఎనిమిదేళ్లుగా ఉన్న అబ్బాయికి ఇల్లు దొరికి వెళ్లాడంటే, ఆ ఎనిమిదేళ్లూ ఆ ఏడాది వెళ్లినవాళ్ల ఖాతాలో పడి సగటు పెరుగుతుంది. అతన్ని పట్టించుకోకుండా వదిలేస్తే సగటు తక్కువగానే ఉంటుంది. మంచి పని చేసిన ఏడాది చెడ్డగా, చెయ్యని ఏడాది మంచిగా చూపించే లెక్కని నమ్ముకుని కేస్‌వర్కర్ల (ఒక్కో బిడ్డ కేసు చూసే శాఖ ఉద్యోగుల) పనితీరుని ఎలా తూస్తాం?

రెండో పద్ధతి, ఒకరోజు నిలబడి ఆ రోజు ఉన్నవాళ్లందరినీ లెక్కపెట్టడం. అమెరికాలో రాష్ట్రాలన్నీ ఆఫ్‌కార్స్ అనే జాతీయ రికార్డులోకి వివరాలు పంపుతాయి. ఆర్థిక సంవత్సరం ఆఖరు రోజు సెప్టెంబరు 30 కాబట్టి అందరూ చెప్పే అంకె ఆ రోజుది. ఇంగ్లండ్‌లో అది మార్చి 31. ఈ లెక్కలో మీరు చూసే పిల్లలు కనిపిస్తారు, కానీ మంచాల గదిలో చూసినట్టు ఎక్కువకాలం ఉండేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఇంకో చిక్కూ ఉంది. అమెరికాలో సెప్టెంబరు 30న ఉన్న పిల్లలు 2018లో సుమారు 4 లక్షల 37 వేలు, 2022లో సుమారు 3 లక్షల 68 వేలు. కొత్తగా వచ్చేవాళ్లు తగ్గితే, ఆ రోజు ఉన్నవాళ్లలో పాతవాళ్ల పాలు పెరుగుతుంది. ఏ ఒక్క బిడ్డా ముందుకన్నా ఒక్కరోజు ఎక్కువ ఉండకపోయినా, ఉన్నవాళ్ల సగటు కాలం ఎక్కువైనట్టు కనిపిస్తుంది.

మూడోది, ఒక ఏడాది వచ్చిన పిల్లలందరినీ ఒక జట్టుగా పట్టుకుని, చివరి బిడ్డ వెళ్లేదాకా వదలకుండా వెంట నడవడం. న్యూయార్క్‌లో డేవిడ్ ఫాన్‌షెల్, యూజీన్ షిన్ 1966లో ఫోస్టర్ కేర్‌కి వచ్చిన 624 మంది పిల్లల్ని అయిదేళ్లపాటు ఇలా చూశారు. అయిదేళ్లు గడిచేసరికి ఇంకా మూడోవంతుకు పైగా పిల్లలు అక్కడే ఉన్నారు. వెళ్లిపోయినవాళ్ల సగటు మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి ఎవరికి తెలిసేది? తరవాత షికాగో విశ్వవిద్యాలయంలోని చాపిన్ హాల్‌లో ఫ్రెడ్ వుల్‌చిన్, ఆయన తోటివాళ్లు అనేక రాష్ట్రాల రికార్డులు కలిపి ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపించారు.

కాబట్టి కౌంటీ సమావేశానికి వెళ్లినప్పుడు "9 నెలలు తప్పు" అనకండి. "ఆ 9 నెలలు ఏ పిల్లలవి?" అని అడగండి. వెళ్లిపోయినవాళ్లవి అంటే, "మూడేళ్ల కిందట వచ్చినవాళ్లలో ఇప్పటికీ ఉన్నది ఎంతమంది?" అని అడగండి. ఆ రెండో జవాబు రావడానికి కొంచెం టైం పడుతుంది. అయినా వదలకండి.

ప్రశ్న: నాకు అప్పగించిన బాబుని మార్చి 3న ఇంట్లోంచి తీసుకొచ్చారు. "15 నెలల గడియారం" ఇంకో తేదీ నుంచి మొదలైందని లాయరుగారు అంటున్నారు. ఏది నిజం? (ఇదీ మరో కాసా వాలంటీర్ రాసిందే.)

జవాబు: రెండూ నిజమేనండీ. 1997 చట్టం ప్రకారం, గడిచిన 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఫోస్టర్ కేర్‌లో ఉంటే కన్నవాళ్ల హక్కులు రద్దు చేయమని శాఖ పిటిషన్ వేయాలి. బంధువుల దగ్గరుంటే, కుటుంబానికి ఇవ్వాల్సిన సేవలు ఇవ్వకపోతే, వేరే బలమైన కారణముంటే మినహాయింపులున్నాయి. ఆ చట్టం దృష్టిలో బిడ్డ "ఫోస్టర్ కేర్‌లో చేరిన తేదీ" అంటే, హింస లేదా నిర్లక్ష్యం జరిగిందని కోర్టు తేల్చిన రోజు, లేదా ఇంట్లోంచి తీసుకొచ్చి 60 రోజులు నిండిన రోజు. రెంటిలో ఏది ముందొస్తే అది. మార్చి 3కి 60 రోజులు కలిపితే మే 2. కోర్టు ఏప్రిల్ 20న తేల్చిందనుకుంటే గడియారం ఏప్రిల్ 20న మొదలవుతుంది. పరీక్షగా ఇంటికి పంపిన రోజులు, పారిపోయిన రోజులు ఆ 15 నెలల్లోకి రావు.

పిల్లవాడు ఎంతకాలం ఉన్నాడన్న లెక్క మాత్రం మార్చి 3 నుంచే కట్టాలి. ఆ రాత్రి వాడు పడుకున్నది తన ఇంట్లో కాదు.

ప్రశ్న: అక్కా, మేం ఫోస్టర్ తల్లిదండ్రులం. మా దగ్గరున్న అమ్మాయి "నేను ఎన్నిసార్లు సంచి సర్దుకున్నానో నాకే గుర్తులేదు" అంటుంది. తన ఫైలులో మాత్రం "రెండు మార్పులు" అని ఉంది. మాకు చాలా బాధనిపించింది. ఎందుకిలా?

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది తల్లీ. ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూపించడానికి మామూలుగా కనిపించే రికార్డు లాంటిదే ఒకటి తయారుచేసి రాస్తున్నాను. ఇది ఏ బిడ్డదీ కాదు.

మార్చి 3 రాత్రి: అత్యవసర వసతి గృహం. మార్చి 5: ఫోస్టర్ ఇల్లు. జూన్ 20: ఆస్పత్రి. జులై 1: మళ్లీ అదే ఫోస్టర్ ఇల్లు. ఆగస్టులో ఒక శని, ఆదివారాలు: ఫోస్టర్ తల్లిదండ్రులకి విశ్రాంతి కోసం ఇంకో ఇంట్లో, తరవాత వెనక్కి. సెప్టెంబరు 15: అమ్మమ్మ ఇల్లు. నవంబరు 1: పరీక్షగా కన్నతల్లి దగ్గరికి. నవంబరు 22: అక్కడ కుదరక మళ్లీ అమ్మమ్మ దగ్గరికి.

ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నియమాల ప్రకారం మొదటి చోటు మార్పు కింద రాదు. వసతి గృహం నుంచి ఫోస్టర్ ఇంటికి ఒకటి, అక్కడి నుంచి అమ్మమ్మ ఇంటికి రెండు. అంతే. ఆస్పత్రి, విశ్రాంతి కోసం పంపిన రోజులు, పారిపోవడం, పరీక్షగా ఇంటికి పంపడం ఇవేవీ మార్పులు కావు. తిరిగి వెళ్లింది పాత చోటికే అయితే అదీ కాదు. వేరే ఇంటికి వెళితేనే లెక్క.

ఇప్పుడు అదే కాగితం మీద సంచి సర్దుకున్న సార్లు లెక్కపెట్టండి. సొంత ఇంట్లోంచి బయటికి ఒకటి, ఫోస్టర్ ఇంటికి రెండు, ఆస్పత్రికి మూడు, వెనక్కి నాలుగు, విశ్రాంతి ఇంటికి అయిదు, వెనక్కి ఆరు, అమ్మమ్మ దగ్గరికి ఏడు, అమ్మ దగ్గరికి ఎనిమిది, మళ్లీ అమ్మమ్మ దగ్గరికి తొమ్మిది. ఫైలులో రెండు, బిడ్డ మనసులో తొమ్మిది.

ఈ నియమాలు అన్యాయమని నేననను. బిడ్డని ఆస్పత్రిలో చేర్చిన ఫోస్టర్ తల్లికి అది తప్పుగా అంటగట్టకూడదు కదా. రాష్ట్రాలన్నిటికీ ఒకే కొలత ఉంటేనే పోల్చగలం. ఆ కొలత కూడా ఆలోచించి పెట్టిందే. ఇంతమంది పిల్లలకి ఇన్ని మార్పులు అని కాకుండా, ఒక ఏడాదిలో వచ్చిన పిల్లలందరూ కలిసి ఉన్న ప్రతి 1,000 రోజులకి ఎన్ని మార్పులు అని లెక్కిస్తారు. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల మీద జరిపే సమీక్షల నాలుగో విడతలో దేశం మొత్తానికి అది 4.48. అంటే 250 రోజులున్న బిడ్డకి ఒక్క మార్పు జరిగితే 4 అవుతుంది, దేశం అంకెకి కాస్త తక్కువ. రోజుల మీద ఎందుకు లెక్కిస్తారంటే, పది రోజులే ఉన్న బిడ్డకి మారే అవకాశమే రాలేదు. ఆ బిడ్డ మారలేదని శాఖ మెచ్చుకోవడానికి లేదు.

ఇంకో సంగతి మీకు పనికొస్తుంది. వుల్‌చిన్ వాళ్ల పరిశోధనలో మార్పుల్లో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే జరుగుతాయని తేలింది. కొత్త బిడ్డ మీ ఇంటికి వచ్చిన మొదటి నెలల్లోనే కేస్‌వర్కర్‌ని ఎక్కువగా పిలవండి, సాయం అప్పుడే అడగండి. ఏడాది గడిచాక వచ్చే సాయం అప్పటికే ఇల్లు మారిన బిడ్డకి అక్కరకు రాదు. ఇంగ్లండ్‌లో ఇంకో కొలత వాడతారు, అది నాకు నచ్చుతుంది. రెండున్నరేళ్లకు పైగా సంరక్షణలో ఉన్న 16 ఏళ్లలోపు పిల్లల్లో కనీసం రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు ఎంతమంది అని చూస్తారు. ఎన్నిసార్లు కదిలారని కాకుండా, ఎక్కడైనా కుదురుకున్నారా అని అడిగే ప్రశ్న అది.

అమ్మాయి చెప్పిన మాటని మాత్రం పోనివ్వకండి. తేదీలు రాసి ఆ కాగితం కేస్‌వర్కర్‌కి ఇచ్చి, ఫైలులో పెట్టమనండి. ఫారంలో దానికి గడి లేకపోయినా నోట్సు రాసే చోటుంటుంది. తను చెప్పింది అబద్ధం కాదని, లెక్కపెట్టే పద్ధతులు వేరని అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పండి. ఫైలులో వేరే అంకె చూసి తన జ్ఞాపకాన్నే అనుమానించుకునే పిల్లలుంటారు.

ప్రశ్న: మేడం, నేను సోషల్ వర్క్‌లో ఎంఏ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం పది మంది పిల్లల (పేర్లు తీసేసిన) రికార్డు ఇచ్చారు. అందులో కొందరు ఇంకా ఫోస్టర్ కేర్‌లోనే ఉన్నారు. వెళ్లిన తేదీ ఖాళీ. ఆ వరసలు తీసేసి సగటు కట్టమని స్నేహితుడు అంటున్నాడు. తీసేయవచ్చా?

జవాబు: తీసేయకు నాయనా. ఆ ఖాళీ గడుల కోసమే ఈ లెక్కంతా.

నువ్వు పంపిన రికార్డు ప్రకారం ఇద్దరు ఒక నెలకే వెళ్లారు. ఇద్దరు మూడు నెలలకి, ఒకరు ఆరు నెలలకి. డేటా తీసిన రోజుకి ఒక పాప వచ్చి నాలుగు నెలలే అయింది, ఇంకా ఉంది. మిగతా నలుగురు ఆరు నెలలు దాటి ఉన్నారు, ఇంకా వెళ్లలేదు.

ఖాళీ వరసలు తీసేస్తే మిగిలేది అయిదుగురు. ఒకటి, ఒకటి, మూడు, మూడు, ఆరు. మొత్తం 14, సగటు 2.8 నెలలు. ఈ అంకె రాసి ప్రాజెక్టు ఇస్తే, ఎవరు ఎక్కువకాలం ఉంటున్నారో సరిగ్గా వాళ్లనే బయటికి నెట్టి లెక్క కట్టినట్టు.

1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మయర్ ఇలాంటి సగంలో ఆగిన కాలాలకి ఒక పద్ధతి చెప్పారు. వైద్య పరిశోధనలో రోజూ వాడతారు. కాగితం మీద చేసి చూపిస్తాను. మొదట పదిమంది. ఒక నెల దగ్గర ఇద్దరు వెళ్లారు, మిగిలినవాళ్లు పదిలో ఎనిమిది, అంటే 0.80. మూడు నెలల దగ్గర ఉన్న ఎనిమిదిమందిలో ఇద్దరు వెళ్లారు, ఆరు బై ఎనిమిది. 0.80ని దానితో గుణిస్తే 0.60. నాలుగో నెలలో ఆ పాప గురించి మనకి తెలిసింది అయిపోయింది. పాప వెళ్లిందని కాదు, ఇంకా ఉండదనీ కాదు. అందుకని అక్కడిదాకా లెక్కలో ఉంచి, ఆ తరవాత పక్కన పెడతాం. మిగిలింది అయిదుగురు. ఆరు నెలల దగ్గర అయిదుగురిలో ఒకరు వెళ్లారు, నాలుగు బై అయిదు. 0.60 ఇంటూ 0.80, అంటే 0.48. సగం కన్నా కిందికి దిగింది ఇక్కడే కాబట్టి మధ్యగతం ఆరు నెలలు. అవే రికార్డులు, ఒకచోట 2.8, ఒకచోట 6.

రాసేటప్పుడు సగటు వద్దు, మధ్యగతమే రాయి. సగటు కట్టాలంటే ఆఖరి బిడ్డ వెళ్లేదాకా ఆగాలి, మధ్యగతానికి సగంమంది వెళితే చాలు. వీలైతే నాలుగోవంతు పిల్లలు ఎప్పటికి వెళ్లారు, మూడొంతులు ఎప్పటికి వెళ్లారు అనేవి కూడా ఇవ్వు. నీ దగ్గరున్న పదిమందికి ఆ మూడొంతుల అంకె ఇంకా రాదు. రాదనే రాయి.

ఒక జాగ్రత్త. పిల్లలు వెళ్లడానికి దారులు వేరు వేరు. కన్నవాళ్ల దగ్గరికి, దత్తతకి, బంధువుల సంరక్షణకి, 18 నిండి ఒంటరిగా బయటికి. ఒక్క దత్తత గురించే చూడాలనుకుని, కన్నవాళ్ల దగ్గరికి వెళ్లిన పిల్లల్ని ఆ నాలుగు నెలల పాపలాగా పక్కన పెడితే, దత్తత అవకాశం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఇంటికి వెళ్లిన బిడ్డ ఇక దత్తతకి ఎదురుచూడటం లేదు కదా. ఒక్కో దారిలో వెళ్లినవాళ్ల వాటాని విడివిడిగా కూడబెట్టే పద్ధతి ఉంది, మీ స్టాటిస్టిక్స్ మాస్టారిని అడిగి అది వాడు. 18 నిండి వెళ్లినవాళ్లని ఎప్పుడూ వేరే గీతగా చూపించు. వాళ్ల కాలం ముగిసింది పుట్టినరోజు వచ్చినందుకే గాని ఇల్లు దొరికి కాదు.

ప్రశ్న: అమ్మా, మా సంఘం సమావేశంలో ఒకాయన "పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉండే కాలం తగ్గించాలి, అధికారులకి దానిమీదే టార్గెట్ పెట్టాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకెందుకో మనసొప్పలేదు. మీరేమంటారు?

జవాబు: మీ మనసు సరిగ్గానే చెప్పింది. పిల్లలు త్వరగా స్థిరమైన ఇంటికి చేరాలని నేనూ కోరుకుంటాను. కానీ ఆ ఒక్క అంకెనే టార్గెట్ చేస్తే, ఇల్లు సిద్ధం కాకముందే బిడ్డని పంపేసినా టార్గెట్ అందుతుంది.

ఒక అబ్బాయి అయిదు నెలలు ఉండి ఇంటికి వెళ్లాడు. కొన్నాళ్లకి మళ్లీ తీసుకొచ్చారు, ఇంకో అయిదు నెలలు. మళ్లీ పంపారు, మళ్లీ తెచ్చారు, ఇంకో అయిదు. రాకపోకల్ని విడివిడిగా లెక్కపెట్టే నివేదికలో ఇవి మూడు చక్కటి చిన్న కాలాలు, సగటు అయిదు నెలలు. అబ్బాయి మాత్రం 15 నెలలు ఇంటికి దూరంగా ఉన్నాడు, మూడుసార్లు అమ్మ నుంచి విడిపోయాడు. అందుకే కాలం లెక్క ఎప్పుడు ఇచ్చినా పక్కనే తిరిగి వచ్చినవాళ్ల లెక్క ఉండాలి. ఫెడరల్ సమీక్షలో ఆ రెండూ ఉన్నాయి. నాలుగో విడత అంకెల ప్రకారం, వచ్చిన ఏడాదిలోపే శాశ్వతమైన ఇంటికి చేరుతున్నవాళ్లు నూటికి 35.2. ఒక ఏడాదిలో కన్నవాళ్ల దగ్గరికో, బంధువుల దగ్గరికో, సంరక్షకుల దగ్గరికో వెళ్లినవాళ్లలో మళ్లీ ఏడాదిలోపు ఫోస్టర్ కేర్‌కి తిరిగొచ్చేవాళ్లు నూటికి 5.6. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య ఉన్నవాళ్లకి, రెండేళ్లు దాటినవాళ్లకి వేరు వేరు అంకెలున్నాయి. ఆ ఏర్పాటు నాకు ఇష్టం. పాతవాళ్లు కొత్తవాళ్ల చాటున కనపడకుండా పోరు. ఎనిమిది రోజుల్లోపే వెళ్లిన పిల్లల్ని ఆ సమీక్షలో కలపరు, లేకపోతే ఒక్క రాత్రి కోసం పిల్లల్ని తెచ్చి పంపే చోట్ల అంకెలు ఊరికే మెరుగ్గా కనిపించేవి.

ఈ సమీక్షల తొలి రోజుల్లో కొలతలు ఇంత జాగ్రత్తగా లేవు. కొన్ని, వెళ్లిపోయిన పిల్లల మీదే నడిచేవి. 2004లో మార్క్ కోర్ట్నీ, బార్బరా నీడెల్, ఫ్రెడ్ వుల్‌చిన్ ముగ్గురూ కలిసి, ఇలాంటి కొలతలు రాష్ట్రాలని తప్పుదారి పట్టిస్తాయని వ్యాసం రాశారు. తరవాతి విడతల్లో, ఏడాదిలో వచ్చిన పిల్లల్ని వెంట నడిచి చూసే కొలతలు వచ్చాయి.

ఇంకా ఒకటి చెప్పాలి. ఎక్కువకాలం ఉండటమంటే ఎప్పుడూ చెడే అనుకోకండి. ఏడాది నిండని పసివాళ్లు పెద్దపిల్లలకన్నా ఎక్కువకాలం ఉంటారు, దత్తత దాకా వెళ్లేవాళ్లు వాళ్లలో ఎక్కువ కాబట్టి. అమ్మమ్మల దగ్గర, పిన్నిల దగ్గర ఉన్న పిల్లలు కన్నవాళ్ల దగ్గరికి చేరడం నెమ్మదిగా జరుగుతుంది, కానీ వాళ్లు ఇళ్లు మారడం తక్కువ. రెండు కౌంటీలని పోల్చేటప్పుడు ఒకదానిలో పసివాళ్లు ఎక్కువా, బంధువుల దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువా అని చూడకుండా ఫలానా కౌంటీ నెమ్మది అనేస్తే, బంధువులని వెతికి పట్టుకున్న కేస్‌వర్కర్లకి శిక్ష వేసినట్టవుతుంది.

మళ్లీ సమావేశం జరిగినప్పుడు టార్గెట్ వద్దని వాదించకండి. కాలంతో పాటు తిరిగి వచ్చినవాళ్ల సంఖ్యని కూడా అదే కాగితంలో, అదే పిల్లల జట్టుకి చూపించమని తీర్మానం పెట్టండి. ఆయన కూడా కాదనరనే నా నమ్మకం.

ప్రశ్న: ఈ లెక్కలు మామూలు మనుషులు చూడవచ్చా? ఎక్కడ?

జవాబు: చూడవచ్చు. దేశం మొత్తం సంగతి కావాలంటే ఫెడరల్ ప్రభుత్వ చిల్డ్రన్స్ బ్యూరో ఆఫ్‌కార్స్ అంకెలు విడుదల చేస్తుంది. వాటిలో వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, సెప్టెంబరు 30న ఉన్నవాళ్లు విడివిడిగా ఉంటారు. ఏ పట్టిక ఎవరిదో పైన రాసింది చదివిగాని అంకె ఎత్తుకోకండి. కాలిఫోర్నియా వరకైతే బర్క్‌లీ విశ్వవిద్యాలయం నడిపే శిశు సంక్షేమ సూచికల ప్రాజెక్టు ఉంది. నీడెల్ చాలాకాలం నడిపించింది దాన్నే. అక్కడ కౌంటీ, వయసు, వచ్చిన సంవత్సరం మీరే ఎంచుకుని ఆ జట్టు పిల్లలు ఏడాదికి, రెండేళ్లకి ఎక్కడున్నారో చూడవచ్చు. మీ రాష్ట్రంలో అలాంటిది లేకపోతే శాఖకి ఉత్తరం రాయండి. ఫలానా సంవత్సరంలో మొదటిసారి వచ్చిన పిల్లలు ఎందరు, వాళ్లలో 12, 24, 36 నెలలకి ఇంకా ఉన్నవాళ్లు ఎందరు, వెళ్లినవాళ్లు ఏ దారిలో వెళ్లారు, మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు, వయసులవారీగా కావాలి అని రాయండి. చాలా చిన్న కౌంటీ అయితే పిల్లల్ని గుర్తుపట్టే ప్రమాదం ఉందని కొన్ని గడులు మూసేస్తారు. దాని గురించి పట్టుబట్టకండి, వరసగా మూడేళ్లవి కలిపి ఇవ్వమనండి.